నీళ్ల మీద కాపలా

బావిలో ఈత నేర్చుకున్న మగవాడికి నీళ్ల సంగతంతా తనకే తెలుసన్న పొగరు ఒకటి ఉంటుంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగాప్రసాద్‌కి అది దండిగా ఉంది. రాయచోటి సమీయుల్లాకి అంతకంటే ఎక్కువ ఉంది. ఇద్దరూ ఒమాన్‌లో సలాలా పక్కన రైసూత్‌లో ఒకే కంపెనీలో పనిచేస్తారు. గంగాప్రసాద్ పంపుల ఫిట్టర్, సమీయుల్లా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రూమ్ ఒకటే, కింది మంచం ఒకరిది, పై మంచం ఒకరిది. పొద్దుపోని శుక్రవారాల్లో, వీపుకు బెండ్లు కట్టుకున్న రోజుల నుంచి మొదలుపెట్టి ఎవరెంత లోతు బావిలో మునిగారో చెప్పుకునేవాళ్లు. ఒకరి కోతలు ఒకరు నమ్మినట్టు నటించేవాళ్లు.

మునగడమంటే ఇద్దరి ఊళ్లలోనూ ఒకటే లెక్క. ఊరికే మునిగి తేలితే ఎవడూ ఒప్పుకోడు. అడుగు దాకా పోయి గుప్పెడు మన్ను తెచ్చి, గట్టు మీద కూర్చున్నవాళ్లకు చూపించాలి. మన్ను లేకపోతే మునగనట్టే.

ఈ కోతలన్నీ విని విసిగిపోయినవాడు హసన్. కంపెనీలో సేఫ్టీ చూసే ఒమానీ, ఊరు మిర్బాత్. తాతల నాటి నుంచి వాళ్లింటి మగవాళ్లు సముద్రంలో మునిగి, రాళ్లకు అంటుకున్న సుఫైలా గవ్వలు ఏరేవాళ్లే. సిలిండర్ లేదు, గొట్టం లేదు. గుండెల్లో పట్టినంత గాలితో పోయి రావడమే.

"బావి బావి అంటారు. ఒక శుక్రవారం మా ఊరు రండి సదీక్, చూద్దాం" అన్నాడు గల్ఫ్ హిందీలో. సదీక్ అంటే దోస్తు.

మన దగ్గర ఖరీఫ్ అంటే వరినాట్లు. సలాలాలో ఖరీఫ్ అంటే ముసురు, పొగమంచు, కొండల నిండా పచ్చిక, ఆ పచ్చికను చూడటానికి గల్ఫంతటి నుంచీ బారులు తీరే కార్లు. ఆ నెలల్లో సముద్రం మనిషిని దగ్గరికి రానివ్వదు. ఖరీఫ్ వెళ్లాక అలలు తగ్గుతాయి గానీ, అడుగు నుంచి పైకొచ్చిన చల్లదనం అంత తొందరగా పోదు. అది తెలియక, ఎండ మాడుస్తోంది కదా నీళ్లు గోరువెచ్చగా ఉంటాయనుకుని ఇద్దరు మొనగాళ్లూ నిక్కర్లతో దూకారు. దూకిన మరుక్షణం గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి బిగబట్టడం మాట అటుంచి, తీసుకోవడమే రాలేదు. సమీయుల్లా అల్లాను తలుచుకుంటూ, గంగాప్రసాదేమో వాళ్లమ్మను తలుచుకుంటూ కుక్కల్లా రొప్పుకుంటూ ఒడ్డుకు పడ్డారు. హసన్ రాతి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు.

నవ్వడం అయ్యాక నేర్పించాడు. పాత రబ్బరు సూట్లు, తలకు టోపీలు, కళ్లకు అద్దాల మాస్కులు ఇంటి నుంచి తెచ్చాడు. దిగే ముందు ఫ్లాస్కులోంచి వేడినీళ్లు సూటు మెడలోంచి లోపలికి పోసేవాడు. దిగాక నీళ్ల మీద తేలే నారింజ రంగు బోయా పట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి, చలి అలవాటై ఊపిరి నెమ్మదించే దాకా కదలొద్దనేవాడు. అలా నెమ్మదించాకే ఒక నిండు శ్వాస, ఆపైన తల కిందులు. బోయా నుంచి దిగిన తాడు చివర బరువు వేలాడుతుంటుంది. దాన్ని తాకి తిరిగి రావడం, అంతే పని. అక్కడ వెతకాల్సిందేమీ లేదు. వణుకు మొదలైందంటే ఆ రోజుకు ఖలాస్, మారు మాట్లాడకుండా ఒడ్డుకు రావాల్సిందే.

అన్నిటికంటే పెద్ద పాఠం ఇంకోటి. "ఏక్ నీచే, ఏక్ ఊపర్" అనేవాడు హసన్. ఒకడు కింద ఉంటే ఇంకొకడు పైన, కళ్లు నీళ్లలో పెట్టి కాపలా. కిందివాడు పైకొచ్చినా కాపలా అయిపోయినట్టు కాదు. గాలి అందిన తరవాతే చాలామందికి స్పృహ తప్పుతుంది. వాడు చెయ్యెత్తి బాగున్నానని చెప్పినా నమ్మొద్దు, ఇంకా చూస్తూనే ఉండు. పడిపోతే మాస్కు తీసెయ్యి, కళ్ల మీద ఊదు, చెంప తట్టు, పేరు పెట్టి పిలువు. కంపెనీ కార్డు మీదున్న పేరు కాదు, ఇంట్లోవాళ్లు పిలిచే పేరు. చెవికి ఆఖరున వినిపించేది అదే.

"నన్ను మా యమ్మ సమ్మూ అంటాది. షైస్తా గూడా అట్లనే" అన్నాడు సమీయుల్లా సిగ్గుపడుతూ. షైస్తా అతని భార్య.

శుక్రవారం వెంట శుక్రవారం వెళ్లారు. గంగాప్రసాద్‌కి అదొక వ్యసనంగా మారింది. నీళ్ల కింద ఫోర్‌మన్ లేడు, రూమ్‌లో గురకలు లేవు. ఇల్లు కూడా గుర్తుకు రాదు. పైకొచ్చాక, ఇల్లు గుర్తుకు రానందుకు కొంచెం తప్పుగా అనిపించేది. పెళ్లాలిద్దరికీ శుక్రవారం ఓవర్‌టైమ్ అని చెప్పారు. సముద్రం అని చెబితే గంగాప్రసాద్ భార్య నవీన ముద్ద ముట్టదు. ఒకసారి డ్యూటీలో ఇతని ఫోన్ ఆగిపోతే ఆమె గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్లందరికీ ఫోన్లు కొట్టి ఏడ్చింది. అప్పటి నుంచి ఇతను ఫోన్‌ను నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో వేసి బోయాకు కట్టుకునేవాడు. హసన్ చూసి తిట్టాడు. నీళ్ల మీద కాపలా ఉన్నవాడికి ఫోన్ ఏమిటన్నాడు. ఆ తరవాత గంగాప్రసాద్ దాన్ని బోయా పట్టీ కింద దాచి కట్టడం మొదలుపెట్టాడు.

ఆ శుక్రవారం హసన్ చుట్టాల పెళ్లికి వెళ్లాడు. అలవాటైన లోతుకే పోండి, చెప్పినవి మరవకండి అని పదిసార్లు చెప్పి మరీ వెళ్లాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. సమీయుల్లా వంతు వచ్చింది. తల కిందులై, తాడు వెంట మసకలోకి వెళ్లిపోయాడు. గంగాప్రసాద్ ముఖం నీళ్లలో పెట్టి చూస్తున్నాడు. బోయా పట్టీ కింద ఫోన్ గుర్రుమంది.

నవీనే అనుకున్నాడు. తలెత్తాడు. ఎండకు ఫోన్ తెర కనబడలేదు, అటు తిరిగి చెయ్యి అడ్డం పెట్టుకుని సంచి మీది నుంచే నొక్కాడు. నవీన కాదు, షైస్తా.

"గంగన్నా, ఆయన ఫోన్ ఎత్తడం ల్యా. రంగులేసేవాళ్లు వచ్చి కూసోనుండారు. ముందు గదికి ఆకుపచ్చా, నీలమా? రోంత అడిగి చెప్పన్నా."

"డ్యూటీల ఉన్నడు చెల్లె. ఫోన్ లాకర్ల పెట్టిండు."

"మరి వీళ్లు పోతామంటాండారు. నువ్వే చెప్పన్నా, నీకేది బాగుంటాదనిపిస్తాది?"

అక్కడ పెట్టేసి ఉండవచ్చు. తరవాత చెబుతానని ఉండవచ్చు. కానీ రూమ్‌లో ఎవరూ, ఇంట్లో ఎవరూ గంగాప్రసాద్‌ని ఏదీ అడగరు. ఇంటికి ఏ రంగు వెయ్యాలో ఒకరు అతన్ని అడుగుతున్నారు. అతనికి బాగుంది.

"నీలం వద్దు చెల్లె. మా ఇంటికి ఏపిచ్చినం, ఒక్క వానకాలంకే మాసిపోయింది. ఆకుపచ్చ ఏపియ్యి. కండ్లకు సుత సల్లగుంటది" అన్నాడు.

ఆ మాటలు అంటూ ఇటు తిరిగాడు. తాడుకు అవతల సమీయుల్లా నీళ్ల మీద బోర్లా తేలుతున్నాడు. నల్ల టోపీ మెల్లగా ఊగుతోంది. ముఖం నీళ్లలోనే ఉంది. ఎప్పుడు పైకొచ్చాడో, ఒక్క శ్వాసైనా తీసుకున్నాడో లేదో గంగాప్రసాద్‌కి తెలియదు.

ఫోన్ వదిలేశాడు. రెండు బారల్లో చేరి వెల్లకిలా తిప్పాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్లు సగం తెరుచుకుని ఎటూ చూడటం లేదు. మాస్కు పీకేశాడు. ఊదాడు. చెంప మీద కొట్టాడు.

"సమ్మూ! ఊపిరి తీస్కో సమ్మూ! సమ్మూ, తీస్కోరా!"

అరిచాడు, ఊదాడు, మళ్లీ అరిచాడు. గురక లాంటి చప్పుడుతో గాలి లోపలికి పోయింది. దగ్గు వచ్చింది. సమీయుల్లా కళ్లు తిరిగి తిరిగి గంగాప్రసాద్ ముఖం మీద ఆగాయి. బిగించి ఉన్న కుడి పిడికిలి నీళ్లలోంచి పైకెత్తి విప్పాడు. అందులో తడి ఇసుక.

"అడుగు మన్ను" అన్నాడు.

ఒడ్డున తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్నాక, పళ్లు టకటకలాడుతుంటే అడిగాడు. "పైకొచ్చినాక ఏమైందన్నా? నాకేం గ్యాపకం ల్యా."

గంగాప్రసాద్ సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "చెయ్యి ఎత్తినవ్. మల్ల ముఖం పడ్డది. పట్టుకున్న."

మూడు ముక్కలు. అందులో చివరిదొక్కటే నిజం.

క్లినిక్‌లో డాక్టర్ ఛాతీ విని, ఎక్స్‌రే తీయించి, ఏమీ కాలేదన్నాడు. హసన్ పెళ్లి బట్టల్లోనే పరిగెత్తుకొచ్చాడు. ఇసుక సంగతి విని సమీయుల్లాని నోటికొచ్చినట్టు తిట్టాడు. అక్కడ వెతకాల్సిందేమీ లేదని చెప్పానా లేదా అన్నాడు. తరవాత గంగాప్రసాద్ వైపు తిరిగి, అతను చెయ్యెత్తాడా, నువ్వు చూశావా అని అడిగాడు. గంగాప్రసాద్ చూశానన్నాడు. హసన్ అతని భుజం మీద చెయ్యి వేసి, నువ్వు ఉన్నావు కాబట్టి ఇతను ఉన్నాడు అన్నాడు. ఆ చెయ్యి తీసేదాకా గంగాప్రసాద్ కదల్లేదు.

అసలు బాధ ఆ తరవాత మొదలైంది. సమీయుల్లా తప్పంతా తన మీద వేసుకున్నాడు. గుప్పెడు ఇసుక కోసం చావబోయానని క్యాంపంతా చెప్పుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒకటే మాట. "గంగన్న కన్ను తిప్పలేదబ్బా. తిప్పింటే పొయ్యుంటి." ఆ వారం తనే గిన్నె పొయ్యి మీద పెట్టి బిర్యానీ వండాడు. రూమ్ వాళ్లందరి ముందూ పెద్ద ముక్క గంగాప్రసాద్ పళ్లెంలో వేశాడు. గంగాప్రసాద్ దాన్ని వేళ్లతో పళ్లెం అంచుకు జరిపాడు. ఉప్పు ఎక్కువైందా అన్నా అని అడిగాడు సమీయుల్లా. లేదు, మంచిగుంది అన్నాడు గంగాప్రసాద్. పళ్లెం పట్టుకుని బయటికెళ్లి, ముక్కతో సహా పంపు దగ్గర పారబోశాడు.

చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాడు. కంపెనీ బస్సులో తెరిచాడు. వర్క్‌షాప్‌లో తెరిచాడు. తెరిచినప్పుడల్లా సమీయుల్లా అభిమానంగా ముఖంలోకి చూసేవాడు, తెరిచిన నోరు ఏదో వేరే ముచ్చట చెప్పి మూసుకునేది. తనంత పిరికివాడు రైసూత్‌లో ఇంకొకడు లేడని గంగాప్రసాద్‌కి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ధైర్యం వస్తుందా? రాలేదు.

"మా ఇంట్లో రంగు వద్దనిందంటన్నా" అన్నాడు సమీయుల్లా ఒకరోజు బస్సులో. "రంగులోళ్లను వాపసు పంపించిందంట. ఏమైందో ఏమో. ఈ మధ్య తను ఫోనే చెయ్యదు, నేనే చెయ్యాల."

గంగాప్రసాద్ కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఫోన్ వదిలేశాడు గానీ, కట్ చేశాడా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

డాక్టర్ మళ్లీ చూసి, ఇక దిగొచ్చన్నాడు. వచ్చే శుక్రవారం తనుండగానే, తక్కువ లోతులోనే అని హసన్ ఒప్పుకున్నాడు. సమీయుల్లా మాత్రం, ఎవరుండినా పైన గంగన్నే కాపలా ఉండాల అన్నాడు. గురువారం మధ్యాహ్నం గంగాప్రసాద్ ఫోన్‌కు షైస్తా మాట ఒకటి రికార్డయి వచ్చింది. "గంగన్నా, ఒక్కనివే ఉన్నప్పుడు చెయ్యి" అని ఉంది. వర్క్‌షాప్ వెనక పాత పైపుల దగ్గర నిలబడి చేశాడు.

"ఆ పొద్దు నువ్వు ఫోన్ పెట్టెయ్యలేదన్నా" అంది షైస్తా. "నేనంతా విన్యా. సమ్మూ సమ్మూ అని నువ్వు అరుస్తా ఉంటే రంగుడబ్బాల నడుమ నిలబడి విన్యా. ఆయన దగ్గింది విన్యా. అప్పుడు పెట్టేసినా."

"ఆయన్ను అడగలేదా చెల్లె?" అన్నాడు గంగాప్రసాద్.

"ఏమని అడగాలన్నా? నేను రంగుల గురించి అడుగుతా ఉన్నప్పుడు నువ్వు సస్తా ఉంటివా అని అడగాల్నా?" అంది షైస్తా. "నిద్ర పట్టడం ల్యా. ఫోన్ ముట్టుకోబుద్ది కావడం ల్యా. నేను చెయ్యకుండా ఉంటే నువ్వు ఆయన్నే సూస్తా ఉంటివి గదా? నా వల్లనే గదన్నా ఇదంతా?"

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఒక్క క్షణం గంగాప్రసాద్ గుండె తేలికైంది. ఇన్నాళ్లూ మోస్తున్న మూటను ఆమె తనంతట తాను వచ్చి నెత్తికెత్తుకుంటోంది. ఇతను ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఆ తేలిక తెలిసిన మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. పైపు మీద కూర్చుండిపోయాడు.

"కాదు చెల్లె" అన్నాడు. "ఫోన్ ఎవలైన చేస్తరు. ఎత్తింది నేను. హసన్ వద్దన్నా దాచి కట్టుకున్నది నేను. ఎత్తి సుత ఊకోలే, ముచ్చట పెట్టిన. నన్ను అడిగినవని సంబురపడ్డ. గా సంబురంల ఆయనను ఇడిసిపెట్టిన. నీ తప్పు ఇంతంత సుత లేదు."

"ఆయనకు తెలుసా?" అంది షైస్తా.

"తెల్వది."

"రేపు మళ్లీ పోతారా?"

"పోతున్నం."

"అయితే నువ్వే చెప్పన్నా. ఆయన నీళ్లలోకి దిగక ముందే చెప్పు."

మిర్బాత్ ఒడ్డున హసన్ కారులోంచి సామాను దించాడు. గాలి లేదు, వెనక కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇద్దరూ సూట్లు తొడుక్కుని పక్కపక్కన కూర్చున్నారు. ఫోన్‌ను గంగాప్రసాద్ రూమ్‌లోనే వదిలి వచ్చాడు. హసన్ ఫ్లాస్కు మూత తీసి సమీయుల్లా మెడలోకి వేడినీళ్లు పోస్తున్నాడు. హసన్‌కి తెలుగు రాదు. గంగాప్రసాద్ అప్పుడే చెప్పాడు.

"సమీ, గా రోజు నేను నిన్ను సూడలే."

సమీయుల్లా నవ్వుతూ ఇటు తిరిగాడు.

"నువ్వు చెయ్యి ఎత్తినవో లేదో నాకు తెల్వదు. ఎప్పుడు పైకొచ్చినవో తెల్వదు. ఫోన్ మాట్లాడుకుంట అటు తిరిగున్న. తిరిగి సూసేసరికి బోర్ల పడి ఉన్నవ్. అన్నీ అబద్ధాలు చెప్పిన."

హసన్ ఫ్లాస్కును గంగాప్రసాద్ మెడ దగ్గరికి తెచ్చాడు. వేడినీళ్లు వీపు మీదుగా దిగాయి. సమీయుల్లా ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసెయ్యాలని తోచనట్టు.

"ఎవురి ఫోను?" అన్నాడు.

"మీ ఇంటికెల్లి, చెల్లె చేసింది. రంగు ఏదెయ్యాల్నని అడిగింది. ఆమెకేం తెల్వదు సమీ, డ్యూటీల ఉన్నవని నేనే చెప్పిన. ఫోన్ బంద్ గాలే, అంతా ఇన్నది. తన తప్పేనని ఏడుస్తున్నది. కాదని చెప్పిన."

నవ్వు అప్పుడు పోయింది. సమీయుల్లా చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తిడతాడని, కొడతాడని గంగాప్రసాద్ ఎదురుచూశాడు. కొడితే బాగుండుననిపించింది. సమీయుల్లా లేచి మాస్కు తీసుకున్నాడు.

"ఈ పొద్దు ముందు నువ్వు దిగు. నేను పైనుంటా" అన్నాడు.

హసన్ కూడా దిగి, తక్కువ లోతులో బోయా నిలిపి, కొంచెం ఎడంగా వెళ్లాడు. గంగాప్రసాద్ ముఖం నీళ్లలో పెట్టాడు. చలి నుదుటి మీద పట్టుకుంది. ఊపిరి నెమ్మదించడానికి ఎప్పటికంటే ఆలస్యమైంది. నిండుగా పీల్చి తల కిందులయ్యాడు. తాడు వెంట దిగుతుంటే చెవులు బిగిశాయి, ముక్కు పట్టుకుని సరిచేసుకున్నాడు. ఇంతకు ముందు ఇక్కడికొస్తే ఏదీ గుర్తుకు వచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కటే ఆలోచన. పైన వాడు చూస్తున్నాడా? చూడకపోయినా అడిగే నోరు తనకు లేదు. బరువును తాకి తిరిగాడు. కడుపు గాలి కోసం ఎగిసింది. భయం వేసింది. మొదటిసారి నిజంగా భయం వేసింది. తల ఎత్తి చూశాడు.

పైన వెలుగులో సమీయుల్లా మాస్కు నిటారుగా తన మీదే ఉంది. ఎక్కుతున్నంతసేపూ అది కదల్లేదు.

నీళ్ల పైకి తేలి గాలి పీల్చాడు. సమీయుల్లా జానెడు దూరంలో ఉన్నాడు. మాస్కు అద్దం వెనక కళ్లు రెప్ప వెయ్యడం లేదు. ఒక చెయ్యి గంగాప్రసాద్ చంక కిందికి సిద్ధంగా ఉంది. గంగాప్రసాద్ చెయ్యెత్తి బాగున్నానని చూపించాడు. సమీయుల్లా నమ్మలేదు. అలాగే చూస్తున్నాడు. గంగాప్రసాద్ మళ్లీ పీల్చాడు, మళ్లీ వదిలాడు. ఎవరూ తనను ఇంత శ్రద్ధగా చూడటం అతను ఎరగడు. ఆ చూపు ముందు ముఖం దాచుకోవడానికి ఎక్కడా చోటు లేదు. హసన్ చూడమన్నంత సేపయ్యాక, అంతకంటే ఇంకొంచెం సేపయ్యాక, సమీయుల్లా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు గూడా నన్ను ఇట్లనే సూస్తాంటివనుకుంటి గంగన్నా" అన్నాడు.

అని తిరిగి ఒడ్డు వైపు ఈదుకుంటూ వెళ్లిపోయాడు. గంగాప్రసాద్ బోయా పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. దవడలు కొట్టుకోవడం మొదలైంది. హసన్ దూరం నుంచి అతని వణుకు చూసి, ఖలాస్, ఒడ్డుకు రా అని చెయ్యి ఊపాడు.